రిటైరైన తరువాత నేర్చుకోవాలంటే: మీ ఊళ్లోనే తరగతులను వెతికి పట్టుకునే క్రమం

"హిందీ నేర్చుకోవాలని ఉంది, ఎవరు చెబుతారు?", "అరవై దాటాక సంగీత కళాశాలలో చేర్చుకుంటారా?", "పెళ్లితో ఆగిపోయిన డిగ్రీ ఇప్పుడు పూర్తి చేయవచ్చా?" అనే ప్రశ్నలు పాఠకుల నుంచి తరచూ వస్తున్నాయి. వీటిలో చాలావాటికి జవాబు ఇంటికి దగ్గర్లోనే దొరుకుతుంది. అయితే పెద్దవారికి చదువు చెప్పేవారు పత్రికల్లో ప్రకటనలు ఇవ్వరు, వీధుల్లో ఫ్లెక్సీలు కట్టరు. అందువల్ల వెతకడానికి ఒక వరుస కావాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఉన్నవారిని దృష్టిలో పెట్టుకుని ఆ వరుసను కింద ఇస్తున్నాను.

## 1. వెతకడానికి ముందు రాసుకోవలసినవి

ముందు కోర్సుల పేర్లు కాదు, మీ వారం ఎలా గడుస్తుందో ఒక కాగితం మీద రాయండి. మనవడిని బడి బస్సు ఎక్కించడం, ఆసుపత్రికి వెళ్లే రోజులు, సాయంత్రపు నడక, వంట, గుడి అన్నీ తీసివేశాక కచ్చితంగా మిగిలే గంటలు ఏవో తేలుతుంది. "నాకంతా ఖాళీయే" అనుకున్నవారికి కూడా సాధారణంగా ఉదయం పది నుంచి పన్నెండు వరకే అసలైన తీరిక ఉంటుంది.

తరువాత దూరం. నా దృష్టిలో అన్నింటికంటే ముఖ్యమైనది ఇదే. ఊరికి ఆ చివరనున్న పేరుమోసిన గురువు దగ్గరకంటే, నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉన్న మామూలు గురువు దగ్గరే పెద్దవారి చదువు నిలుస్తుంది. ఎందుకంటే వాన కురిసిన రోజున, మోకాళ్లు సహకరించని రోజున, ఇంటికి చుట్టాలు వచ్చిన వారంలో మొదట మానేసేది రెండు బస్సులు మారి వెళ్లవలసిన తరగతినే.

మూడోది, మీకు సర్టిఫికెట్ కావాలా, విద్య వస్తే చాలా అన్నది. ఈ ఒక్క జవాబును బట్టి మీరు తొక్కవలసిన గడపలే మారిపోతాయి. సర్టిఫికెట్ కావాలంటే దరఖాస్తు గడువులు, పాత మెమోలు, పరీక్షలు తప్పవు. విద్య చాలనుకుంటే అవేమీ అక్కర్లేదు, పక్క వీధిలో ఇంటి దగ్గర పాఠం చెప్పేవారు కూడా మీ జాబితాలోకి వస్తారు.

నాలుగోది ఒంటి సంగతి. కింద కూర్చోగలరా, మెట్లు ఎక్కగలరా, నల్లబల్ల మీది అక్షరాలు కనిపిస్తాయా, గదిలో పదిమంది మాట్లాడుతుంటే పాఠం వినిపిస్తుందా అన్నవి దాచుకోకుండా రాసుకోండి.

కాగితం పూర్తయిందో లేదో ఇలా సరిచూసుకోండి:

- ఏం నేర్చుకోవాలి (ఒకటే రాయండి, మూడు కాదు)
- సర్టిఫికెట్ కావాలా, అక్కర్లేదా
- వారంలో ఏ రోజులు, ఏ గంటలు
- నడిచి లేదా ఒకే బస్సులో వెళ్లగలిగిన దూరం
- నెలకు పెట్టగలిగిన ఖర్చు, రానుపోను ఛార్జీలతో కలిపి
- గది విషయంలో మీకు తప్పనిసరైనవి: కుర్చీ, కింది అంతస్తు, మరుగుదొడ్డి

## 2. కాగితాలు సిద్ధం చేసుకోవడం

సర్టిఫికెట్ అక్కర్లేనివారు ఈ భాగాన్ని వదిలేయవచ్చు. కావాలనుకునేవారు మాత్రం దరఖాస్తు తీసుకోకముందే దీన్ని పూర్తి చేయాలి. పెద్దవారి ప్రవేశాలు ఆగిపోయేది చాలావరకు ఇక్కడే.

అసలు చిక్కు పేరుతో వస్తుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది. పెళ్లయిన స్త్రీలకైతే ఇంటిపేరే మారిపోయి ఉంటుంది. పుట్టినతేదీ కూడా బడిలో వేయించినది ఒకటి, ఆధార్‌లో పడినది మరొకటి కావచ్చు. దూరవిద్యలో చేరడానికి ఇప్పుడు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ (చదివిన కోర్సుల క్రెడిట్లు జమయ్యే ఆన్‌లైన్ ఖాతా) గుర్తింపు సంఖ్యను ఆధార్ వివరాలతోనే సృష్టించుకోవాలి కాబట్టి ఈ తేడాలు నేరుగా అడ్డం వస్తాయి. నోటరీ అఫిడవిట్ సరిపోతుందా, ఆధార్‌లోనే సవరించుకోవాలా అన్నది మీరు చేరబోయే సంస్థను అడిగి, వారు చెప్పినట్లు చేయండి. అడగకుండా ముందే సవరణకు వెళితే పింఛను కాగితాలతో కొత్త తేడా పుట్టుకురావచ్చు.

పి.యు.సి. (ఇంటర్ రాకముందు ఉన్న ప్రీ-యూనివర్సిటీ కోర్సు) చదివినవారికి ఇంకో ఇబ్బంది ఉంది. దరఖాస్తులో ఆ గడి ఉండదు, కౌంటర్‌లో కూర్చున్న యువకుడికి ఆ చదువు పేరు కూడా తెలియకపోవచ్చు. అలాంటప్పుడు మెమో ఒరిజినల్ చూపించి, పైఅధికారిని కలుస్తానని మర్యాదగా అడగండి. కౌంటర్ దగ్గర విన్న "కుదరదు" అన్న మాటతో వెనక్కి రావద్దు.

- పదో తరగతి, ఇంటర్ లేదా పి.యు.సి. మెమోలు: ఒరిజినల్, రెండేసి నకళ్లు
- ఆధార్, దానికి జతచేసిన ఫోన్ నంబరు పనిచేస్తున్న ఫోను
- ఫొటోలు
- మీ పేరుతోనే ఉన్న ఈమెయిల్ (పిల్లల ఈమెయిల్ ఇస్తే హాల్‌టికెట్ వాళ్లకు వెళుతుంది)
- మెమో పోయి ఉంటే: చదివిన బడి పేరు, ఉత్తీర్ణులైన సంవత్సరం, హాల్‌టికెట్ నంబరు తెలిస్తే అది కూడా

## 3. దేనికి ఎక్కడ అడగాలి

### 3.1 భాషలు

అన్నింటికంటే తేలికగా దొరికేది హిందీ. 1918లో మొదలైన దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలకు ఇళ్ల దగ్గరే చదువు చెప్పే ప్రచారకులు మన పట్టణాల్లో చాలామంది ఉన్నారు. గేటుకు వేలాడే చిన్న రేకు బోర్డు మీద "హిందీ పరీక్షలకు శిక్షణ ఇవ్వబడును" అని ఉంటుంది. కొన్నిచోట్ల ఆ బోర్డు మందార కొమ్మల వెనక సగం దాగి ఉంటుంది. అందుకే బండి మీద కాక నడుస్తూ వెతకాలి. ప్రాథమికతో మొదలై మధ్యమ, రాష్ట్రభాష, ప్రవేశిక, విశారద, ప్రవీణ వరకు మెట్లు ఉన్నాయి. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు జరుగుతాయి. పక్కన ఏడో తరగతి పిల్లలు కూర్చుంటారు, దానికి సిద్ధపడండి.

సంస్కృతానికి సంస్కృత భారతి వారి సంభాషణ శిబిరం మంచి ప్రారంభం. రోజుకు రెండు గంటల చొప్పున పది రోజులు, రుసుము లేకుండా చెబుతారు. గుడి, కల్యాణ మండపం, అపార్ట్‌మెంట్ హాలు ఏదైనా వేదిక కావచ్చు.

హైదరాబాద్‌లో దోమలగూడ రామకృష్ణ మఠంలోని వివేకానంద భాషా సంస్థలో దేశ, విదేశ భాషలు రెండూ నేర్పుతారు. జర్మన్‌కు గోథె జెంత్రుమ్, ఫ్రెంచికి అలియాన్స్ ఫ్రాంసేజ్ ఉన్నాయి. ఉర్దూ చదవడం, రాయడం కావాలనుకునేవారు పంజాగుట్టలోని ఇదారా-ఎ-అదబియాత్-ఎ-ఉర్దూలో అడగవచ్చు.

### 3.2 సంగీతం

ప్రభుత్వ సంగీత కళాశాలలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి: హైదరాబాద్‌లో త్యాగరాజ, సికింద్రాబాద్‌లో భక్త రామదాసు, విజయవాడలో ఘంటసాల, విజయనగరంలో మహారాజా వారిది. తిరుపతిలో దేవస్థానం వారి శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల ఉంది. ఏ కోర్సుకు వయసు నిబంధన ఉందో, సాయంత్రపు తరగతి ఉందో లేదో కార్యాలయంలో అడగండి. రుసుములు ప్రైవేటు శిక్షణకంటే బాగా తక్కువ.

ఇంటి దగ్గర చెప్పే గురువును ఎంచుకునేటప్పుడు రెండు విషయాలు గమనించాలి. ఒకటి, సమయం. సాయంత్రం అయిదు నుంచి ఏడు వరకు గురువుల ఇళ్లు పిల్లలతో నిండి ఉంటాయి. ఉదయం పదకొండుకు అడిగితే చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు, పైగా ఒక్కరికే చెప్పే వీలుంటుంది. రెండోది, శ్రుతి, అంటే పాటకు ఆధారంగా పెట్టుకునే స్వరస్థాయి. పిల్లలకు పెట్టిన శ్రుతిలోనే పెద్దవారితోనూ సరళీ స్వరాలు పాడిస్తే వారం తిరగకుండా గొంతు బొంగురుపోతుంది, "నాకు సంగీతం రాదు" అన్న నిరాశ మిగులుతుంది. మగవారి గొంతు సాధారణంగా ఒకటి, ఒకటిన్నర శ్రుతి దగ్గర, ఆడవారిది అయిదు శ్రుతి దగ్గర కుదురుతుంది. వయసుతో అది కొంత దిగవచ్చు కూడా. మొదటి రోజునే గొంతు విని శ్రుతి నిర్ణయించే గురువు దొరికితే వదులుకోవద్దు.

### 3.3 ఆగిపోయిన చదువులు

పదో తరగతి, ఇంటర్‌లకు తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో వేర్వేరు ఓపెన్ స్కూల్ సొసైటీలు ఉన్నాయి. కనీస వయసే తప్ప గరిష్ఠ వయసు లేదు. అధ్యయన కేంద్రాలు ఎక్కువగా మీ మండలంలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లోనే ఉంటాయి కాబట్టి అక్కడి ప్రధానోపాధ్యాయుణ్ని కలవడం దగ్గరి దారి.

డిగ్రీకి తెలంగాణలో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. 1982లో మొదలైన ఈ సంస్థ అధ్యయన కేంద్రాలు ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో నడుస్తాయి, తెలుగు మాధ్యమంలో చదవవచ్చు. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలలో ప్రాంతీయ కేంద్రాలు ఉన్నాయి. ఆంధ్ర, నాగార్జున విశ్వవిద్యాలయాలకు దూరవిద్యా విభాగాలు ఉన్నాయి.

పాతికేళ్ల కిందట ఆగిన డిగ్రీని ఆగిన చోటి నుంచే కొనసాగించడం సాధారణంగా కుదరదు. కొత్తగా మొదటి సంవత్సరంలో చేరవలసి వస్తుంది. అయితే ఇందిరాగాంధీ విశ్వవిద్యాలయంలో మూడేళ్ల డిగ్రీని ఆరేళ్ల వరకు సాగదీసుకునే వీలుంది. నేనైతే నేరుగా డిగ్రీకి వెళ్లకుండా, ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు ఒకటి పూర్తి చేసి చూడమంటాను. అసైన్‌మెంట్లు రాయడం, మూడు గంటలు కూర్చుని పరీక్ష రాయడం మీ చేతికీ వీపుకూ సరిపడుతున్నాయో లేదో దానితో తెలిసిపోతుంది.

### 3.4 తోట, సాగు, చేతిపనులు

మిద్దెతోట, పుట్టగొడుగులు, తేనెటీగలు, పండ్ల నిల్వ పదార్థాలు వంటివాటికి మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లండి. "ఈ ఏడాది శిక్షణల పట్టిక చూపిస్తారా?" అని అడగండి. శిక్షణలు ఒక రోజు నుంచి వారం వరకు ఉంటాయి, తగినంత మంది చేరినప్పుడే నిర్వహిస్తారు. కనుక పేరు, ఫోన్ నంబరు రాయించి రావాలి. రైతులకేనేమో అని వెనుకాడవద్దు, ఎవరికి ఏ శిక్షణ అన్నది వారే చెబుతారు. పట్టణవాసులు ఉద్యానశాఖ జిల్లా కార్యాలయంలోనూ అడగవచ్చు.

బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు, జన శిక్షణ్ సంస్థాన్‌లు కుట్టు, మరమ్మతుల వంటి పనులను బాగా నేర్పుతాయి. కానీ అవి ఉపాధి కోసం ఏర్పడినవి, వాటికి గరిష్ఠ వయోపరిమితి ఉంది. నలభైలలో ఉన్నవారు అడిగి చూడవచ్చు, రిటైరైనవారు ఆ ప్రయాణం పెట్టుకోనక్కర్లేదు.

### 3.5 ఫోను, బ్యాంకు పనులు

దీనికి కోర్సు అక్కర్లేదు. నెమ్మదిగా చూపించే మనిషి, చేసిందే పది సార్లు చేసే ఓపిక చాలు. పింఛనుదారుల సంఘం కార్యాలయంలో ఫోను బాగా వచ్చినవారు ఒకరిద్దరు తప్పక ఉంటారు. లీడ్ బ్యాంకు (జిల్లాలోని బ్యాంకుల పనిని సమన్వయం చేసే బ్యాంకు) ఆధ్వర్యంలోని ఆర్థిక అక్షరాస్యత కేంద్రాల్లో బ్యాంకు లావాదేవీల గురించి ఉచితంగా వివరిస్తారు. నేర్చుకునే రోజుల్లో పది రూపాయలు మించి పంపకండి. ఎవరు నేర్పుతున్నా ఓటీపీ, పిన్ మీరే చూసి మీరే నొక్కండి. మోసపోయామని అనుమానం వస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

### 3.6 చదవడం, రాయడమే రానివారికి

ఇంట్లో అమ్మమ్మ, నాయనమ్మ లేదా పనిలో సాయం చేసే మనిషి అక్షరాలు నేర్చుకోవాలనుకుంటే, పదిహేనేళ్లు దాటిన నిరక్షరాస్యుల కోసం కేంద్రం నడిపే ఉల్లాస్ కార్యక్రమం గురించి దగ్గర్లోని ప్రభుత్వ పాఠశాలలో అడగండి. ఇందులో చెప్పేది స్వచ్ఛంద సేవకులే కాబట్టి, రిటైరైన ఉపాధ్యాయులు చెప్పేవారిగానూ చేరవచ్చు.

## 4. ఎప్పుడు వెళ్లాలి

సరైన చోటికి తప్పు నెలలో వెళితే "వచ్చే ఏడాది రండి" అంటారు.

- జూన్, జూలై: కళాశాలలు, సంగీత కళాశాలల ప్రవేశాలు. దూరవిద్య జూలై విడత.
- డిసెంబరు, జనవరి: ఇందిరాగాంధీ విశ్వవిద్యాలయం రెండో విడత.
- నవంబరు 14 నుంచి 20: గ్రంథాలయ వారోత్సవాలు. జిల్లా, శాఖా గ్రంథాలయాల్లో సభలు జరుగుతాయి. ఊళ్లో ఎవరు ఏం నేర్పుతున్నారో తెలిసినవారు ఒకేచోట కనిపించే వారం ఇది. లైఫ్ సర్టిఫికెట్ కోసం కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు ఎలాగూ ఆ నెలలో బయటికి వస్తారు, అదే దారిలో గ్రంథాలయానికి వెళ్లండి.
- ఏప్రిల్, మే: ఇళ్ల దగ్గర చెప్పేవారి వద్ద వేసవి శిబిరాల పిల్లల రద్దీ. పెద్దవారు కొత్తగా చేరడానికి అనువైన సమయం కాదు.

శాఖా గ్రంథాలయాలకు సాధారణంగా శుక్రవారం సెలవు.

## 5. వెళ్లి అడిగే పద్ధతి

ఫోన్‌లో అడిగితే తరచుగా "లేదండీ" అన్న జవాబే వస్తుంది, మనిషి ఎదురుగా నిలబడితే అదే సంస్థలో పక్కవారిని పిలిచి కనుక్కుంటారు. కాబట్టి ఒక వారంలో మూడు చోట్లకు స్వయంగా వెళ్లండి: గ్రంథాలయం, పింఛనుదారుల సంఘం, మీ విషయానికి సంబంధించిన సంస్థ.

గ్రంథాలయంలో ముందు నోటీసు బోర్డు చదవండి. కొత్త కాగితాల కింద సగం కనిపించే పాత కాగితాలను కూడా చూడండి. నిరుడు జరిగిన తరగతి ఈ ఏడూ జరగవచ్చు. ఆ తరువాత గ్రంథపాలకుణ్ని "ఇక్కడేమైనా నేర్పుతారా?" అని కాకుండా "పెద్దవాళ్లకు ఉదయంపూట హిందీ చెప్పేవారు ఈ చుట్టుపక్కల ఎవరున్నారండీ?" అని కచ్చితంగా అడగండి. ఇంత స్పష్టంగా అడిగితేనే ఎదుటివారికి ఒక పేరు గుర్తుకువస్తుంది. లేదన్నా, "మరెవరిని అడగమంటారు?" అన్న ప్రశ్న వేయకుండా బయటికి రావద్దు.

కదలలేని స్థితిలో ఉన్నవారు వయోవృద్ధుల జాతీయ సహాయవాణి 14567కు ఫోన్ చేసి, తమ జిల్లాలోని కార్యక్రమాల సమాచారం అడగవచ్చు.

సంస్థలో అడగవలసినవి:

- మా వయసువారు ఇంతకుముందు ఎవరైనా చేరారా? వారితో మాట్లాడవచ్చా?
- ఒక తరగతిలో కూర్చుని చూడనిస్తారా?
- మధ్యలో నెల రోజులు రాలేకపోతే ఎలా?
- మొత్తం రుసుము ఎంత, పుస్తకాలు, పరీక్ష రుసుము అందులోనే ఉన్నాయా?
- మానేస్తే ఎంత తిరిగి ఇస్తారు?

## 6. ఒక తరగతి చూసి, ఆ తరువాతే డబ్బు

ఈ వరుసను తప్పించవద్దు. తరగతిలో కూర్చున్నప్పుడు గురువు పాండిత్యం కాదు, తప్పు చేసినవారితో ఆయన ఎలా మాట్లాడుతున్నారో గమనించండి. పిల్లల ముందు పెద్దవారిని చిన్నబుచ్చే చోట ఎంత పాండిత్యం ఉన్నా మీకు పనికిరాదు. అలాగే "మీకెందుకండీ కష్టం, ఊరికే వచ్చి కూర్చోండి" అని అతిగా సడలింపు ఇచ్చేచోటా విద్య రాదు. మీ తప్పును మర్యాదగా, కచ్చితంగా దిద్దే మనిషి కావాలి.

మొదట ఒక నెలకే కట్టండి. ఏడాదికి కడితే తగ్గిస్తామన్నా ఒప్పుకోవద్దు. రసీదు తీసుకోండి.

## 7. తరచుగా జరిగే పొరపాట్లు, సవరణలు

ఒకేసారి మూడింటిలో చేరడం. రిటైరైన కొత్తలో యోగా, వీణ, సంస్కృతం అన్నీ మొదలవుతాయి, దసరా నాటికి ఏదీ మిగలదు. ఒకటి ఆరు నెలలు నిలిచాకే రెండోది చేర్చండి.

పిల్లలు ఫోన్‌లో చేర్పించిన కోర్సు. కేంద్ర ప్రభుత్వం నడిపే ఆన్‌లైన్ చదువుల వేదిక 'స్వయం'లోని పాఠాలు మంచివే. చేరడం ఉచితం, సర్టిఫికెట్ పరీక్షకు మాత్రం రుసుము కట్టి పరీక్షా కేంద్రానికి వెళ్లి రాయాలి. కానీ ఒంటరిగా గదిలో వింటే మూడో వారానికి ఆగిపోతుంది. అదే కోర్సులో ఇరుగుపొరుగు ఇద్దరిని చేర్పించి, వారానికొకసారి కలిసి వినండి.

వినిపించకపోయినా తల ఊపడం. మొదటి రోజే "నాకు ఈ చెవి సరిగా వినిపించదు, ముందు వరుసలో కూర్చుంటాను" అని చెప్పేయండి.

గుర్తుండటం లేదని మానేయడం. మొదటి రెండు నెలలు ఇది అందరికీ ఉంటుంది. పాఠం అయిన రోజే ఇంట్లో ఇరవై నిమిషాలు చేత్తో రాయండి. వారం చివర ఒకేసారి రెండు గంటలు కూర్చోవడం వల్ల అంత ప్రయోజనం ఉండదు.

మానేసి మొహమాటంతో తిరిగి వెళ్లకపోవడం. ఆసుపత్రి, పెళ్లి, పురుడు ఏదో ఒకటి వస్తుంది. ఆగేముందు గురువుకు చెప్పి, తిరిగి వచ్చే తేదీ కూడా చెప్పి వెళ్లండి.

## 8. పిల్లల దగ్గర అమెరికాలో ఉన్నప్పుడు

ఆరు నెలలు ఇంట్లోనే కూర్చోనక్కర్లేదు. అక్కడి పబ్లిక్ లైబ్రరీలు చాలావాటిలో ఇంగ్లీషు మాట్లాడటం అలవాటు చేసే ఉచిత బృందాలు ఉంటాయి. సందర్శక వీసాపై ఉన్నవారు డిగ్రీకి లెక్కకు వచ్చే కోర్సుల్లో చేరకూడదు, సరదాకు నేర్చుకునే చిన్న తరగతులకు అభ్యంతరం ఉండదు. చేరేముందు తరగతి ఏ రకమో అడిగి తెలుసుకోండి. అక్కడ కారు నడపడం చాలామందికి వీలుపడదు కాబట్టి నడిచి వెళ్లగలిగిన గ్రంథాలయాన్నే ఎంచుకోండి.

## 9. ఊళ్లో ఏదీ దొరకకపోతే

చిన్న ఊళ్లలో ఈ పరిస్థితి నిజంగానే వస్తుంది. అప్పుడు నలుగురు చేరి తరగతిని పుట్టించుకోవడమే మార్గం.

1. ఒకే విషయం కోరుకునే నలుగురి పేర్లు రాయండి. నలుగురు చాలు, పదిమంది కోసం ఆగవద్దు.
2. చోటు అడగండి: శాఖా గ్రంథాలయం, పింఛనుదారుల భవనం, గుడి మండపం, బడి అయ్యాక ఒక తరగతి గది. ఇంట్లో పెట్టుకుంటే టిఫిన్లు, కాఫీల భారం ఒకరి మీద పడి రెండు నెలల్లో ఆగిపోతుంది.
3. చెప్పేవారిని వెతకండి. ఊళ్లో రిటైరైన హిందీ పండితుడో, సంగీతం నేర్చుకుని పెళ్లయ్యాక మానేసిన ఆవిడో ఉండే ఉంటారు. "పాఠం చెప్పండి" అంటే వెనకాడతారు, "నాలుగు వారాలు చెప్పి చూడండి" అంటే ఒప్పుకుంటారు.
4. ఉచితంగా చెబుతామన్నా నెలకు ఎంతో కొంత గురుదక్షిణ నిర్ణయించండి. దానివల్ల ఇరువైపులా హాజరు పట్టుదలగా ఉంటుంది.
5. రోజు, గంట మార్చవద్దు. ఇద్దరే వచ్చినా తరగతి జరగాలి.
6. గ్రంథాలయం నోటీసు బోర్డు మీద మీరే ఒక కాగితం అంటించండి: విషయం, రోజు, గంట, చోటు, సంప్రదించవలసిన ఒకరి ఫోన్ నంబరు. ప్రతి నెలా మొదటి వారంలో దాన్ని తీసి, కొత్త తేదీతో మళ్లీ పెట్టండి.